కోసిగి మీదుగా ఫ్రాన్సు

పెళ్ళికి ముందు మా ఆవిడకి ఒక మాటిచ్చి ఇరుక్కుపోయాను. "నీకు కార్కసోన్ చూపిస్తా" అని.

అప్పట్లో నేను తులూజ్‌లో ఆన్‌సైట్. ఆర్నెల్లే లెండి, అదీ క్లయింటు సర్వర్ల మైగ్రేషన్ కోసం. శనివారాలు రూములో కూర్చుని ఏం చెయ్యాలో తోచక రైలెక్కితే ఓ గంటలో కార్కసోన్. కొండమీద కోట, రెండు వరసల గోడ, యాభై రెండు బురుజులు, బురుజుల మీద శంఖంలాంటి టోపీలు. మన జానపద సినిమా సెట్టు నిజంగా కట్టేసినట్టు ఉంటుంది. ఆ గోడమీద నుంచుని తీసుకున్న ఫోటో పక్క టీములో టెస్టరుకి పంపిస్తే "నన్నెప్పుడు తీసుకెళ్తావ్?" అని జవాబొచ్చింది. ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగిపోయాయి, టెస్టరుగారు ఇప్పుడు మా ఆవిడ. ఫోటో ఫ్రిజ్ మీద ఉంది. మాట మాత్రం బాకీ ఉండిపోయింది.

ఈ జనవరిలో తీర్చేద్దామనుకున్నాను. కారు అద్దెకి తీసుకుని తులూజ్, ఆల్బీ, కార్కసోన్, అవిన్యోఁ అని రూటు కూడా గీసుకున్నాం. ఇంతలో రిలీజు తేదీ జరిగింది. దాంతోపాటు నా లీవూ జరిగింది. ఎంత జరిగిందంటే కనపడనంత దూరం :) చివరికి మిగిలింది రిపబ్లిక్ డే పక్కన కలిసొచ్చిన నాలుగు రోజులు.

"సరే, మీ వైపు చూపించు. పెళ్ళప్పుడు మూడు రోజులు తప్ప నేను మీ ఊరు ఎప్పుడు చూశాను?" అంది.

తనది నరసరావుపేట వైపు. నాది కోసిగి. ఆదోనికీ మంత్రాలయానికీ మధ్య ఉంటుంది. మద్రాసు-బొంబాయి లైనులో వెళ్ళేవాళ్ళకి కిటికీలోంచి ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న గుండ్ల కొండలు కనిపిస్తాయే, అక్కడ. మా ఊరికి ఎవరూ టూరు రారు. వచ్చేవాళ్ళు రాఘవేంద్రస్వామి దగ్గరికి వెళ్తూ మధ్యలో నిద్రపోతుంటారు.

నేను ఊరుకోకుండా ఒక తెలివైన పని చేశాను. "ఫ్రాన్సు అడిగావు కదా, మా వైపు ఫ్రెంచివాళ్ళు తిరిగిన ఊళ్ళే చూపిస్తాను, ఆదోని, కర్నూలు, గండికోట, ఒంటిమిట్ట" అన్నాను. మొదట జోకుగానే అన్నాను. తీరా చదవడం మొదలుపెడితే జోకు కాదని తేలింది. దాని సంగతి తర్వాత.

శుక్రవారం రాత్రి బెంగుళూరులో బయల్దేరి తెల్లారేసరికి కోసిగి చేరాం. మా ఆవిడ పళ్ళు తోముకుంటూ వీధిలోకి వెళ్ళి, లోపలికొచ్చి మా అమ్మనడిగింది. "అత్తయ్యా, వీధంతా తాళాలేసి ఉన్నాయేంటి? పెళ్ళప్పుడు ఎంత జనం ఉన్నారు!"

"సుగ్గికి పోయినారు పాపా. ఇంగ ఉగాదికే వచ్చేది" అంది అమ్మ.

"సుగ్గి అంటే?"

మా ఊళ్ళో సగం మాటలు కన్నడం. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం, ఒక రకంగా పండగ. మా ఊళ్ళో అదే మాటకి అర్థం, పిల్లాజెల్లాని వేసుకుని, బియ్యం మూట, సట్టీ పెట్టుకుని లారీ ఎక్కడం. మాది వర్షం మీద బతికే నేల. పత్తో, చెనిక్కాయో, జొన్నో, కొర్రో వేస్తాం. సంక్రాంతి అయ్యేసరికి చేలల్లో పని ఉండదు, ఇంట్లో డబ్బు అంతకంటే ఉండదు. అదే సమయానికి గుంటూరు వైపు మిర్చి కోతకొస్తుంది.

"గుంటూరు సైడు మిరప్పండ్లు తెంపేకి" అంది అమ్మ.

"ఓ, కర్నూలోళ్ళా! మా ఊరొస్తారు కదా. మా చేలో కూడా పట్టాలు కట్టుకుని ఉండేవాళ్ళు నా చిన్నప్పుడు" అంది మా ఆవిడ, చాలా మామూలుగా. తెలిసినవాళ్ళు కనపడితే సంతోషపడినట్టు.

అమ్మ నావైపు చూసింది. నేను "అమ్మా, టీ పెట్టు, మాకు ఆలస్యమవుతోంది" అన్నాను. ఆలస్యమేమీ అవడం లేదు. టైము ఏడున్నర.

* * *

ఆదోని. ముందు ఉగ్గాని, బజ్జీ. బొరుగులు నీళ్ళలో తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో కలిపి పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. కార్కసోన్‌లో చిక్కుడుగింజలూ మాంసమూ వేసి గంటలకొద్దీ ఉడికించే కసూలే అనే ఒక వంటకం ఉంది, దాని గురించి అక్కడ ఊరంతా గొప్పలు చెప్పుకుంటారు. నేను తిన్నాను. ఉగ్గాని నయం.

కోట ఎక్కడానికి ఎండ పడకముందే బయల్దేరాలి, మేము ఎండ పడ్డాకే బయల్దేరాం. బీజాపూరు సుల్తానుల కాలంలో ఇక్కడ సిద్ది మసూద్ ఖాన్ అని అధిపతి ఉండేవాడు. కింద ఊళ్ళో ఉన్న జామియా మసీదు ఆయన కట్టించిందే. 1680ల చివర్లో ఔరంగజేబు సైన్యం వచ్చింది. కోట ఎంతకీ లొంగకపోతే మొగలు సేనాని ఫిరంగుల్ని మసీదువైపు తిప్పాడనీ, దాన్ని కూలగొట్టించడం ఇష్టంలేక మసూద్ ఖాన్ కోట అప్పగించేశాడనీ చెప్తారు. మసీదు ఇవాళ్టికీ చెక్కుచెదరకుండా ఉంది. కోట లేదు. 1786లో టిప్పు సుల్తాను గెలిచి గోడలు పడగొట్టించాడు.

మరి ఫ్రెంచివాళ్ళేరీ అంటారా. మధ్యలో ఉన్నారు. నిజాం సలాబత్ జంగ్ తమ్ముడు బసాలత్ జంగ్‌కి ఆదోని జాగీరు. ఆయన దగ్గర లాలీ అనే అతని కింద ఒక ఫ్రెంచి దళం కొలువు చేసేది. 1779లో ఇంగ్లీషువాళ్ళు బసాలత్ జంగ్‌తో ఒప్పందం రాయించుకున్నారు, అందులో ఒక షరతు ఆ ఫ్రెంచివాళ్ళని పంపించెయ్యాలని. వాళ్ళేం చేశారు? పోయి హైదరలీ దగ్గర చేరారు. ప్రాజెక్టు పోయిందని బెంచి మీద కూర్చోకుండా పక్క కంపెనీలోకి దూకెయ్యడం మనమేం కొత్తగా కనిపెట్టలేదు. అన్నట్టు ఆ ఒప్పందంలోనే బసాలత్ జంగ్ చేతిలో ఉన్న గుంటూరు ఇంగ్లీషువాళ్ళకి పోయింది. అవునండీ, ఆదోనిలో కూర్చుని గుంటూరుని ఏలినవాడు ఒకడున్నాడు. మా ఆవిడకి ఈ ముక్క చెప్పి కాసేపు మీసం మెలేశాను.

ఆదోని కొండమీద ఎక్కడా ఇవేవీ చెప్పే బోర్డు నాకు కనపడలేదు. మేకలు కాసేవాళ్ళు ఇద్దరున్నారు. కార్కసోన్‌లో రాయిరాయికీ బోర్డు ఉంటుంది. అయితే ఒక మాట చెప్పాలి. 1849లో ఫ్రాన్సు ప్రభుత్వం ఆ కోట గోడలు కూలగొట్టెయ్యమని నిర్ణయం చేసింది. ఊరివాళ్ళు గొడవ చేస్తే ఆగింది. 1853 నుంచి వియోలే-ల్-ద్యూక్ అనే ఆర్కిటెక్టు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. నేను మురిసిపోయిన ఆ శంఖం టోపీలు కూడా ఆయన పెట్టించినవే, అవి ఆ ప్రాంతపు పద్ధతి కాదని అప్పుడే తిట్టినవాళ్ళున్నారు. 1997లో యునెస్కో జాబితాలోకెక్కింది. అంటే నేను చూసి నోరెళ్ళబెట్టింది చాలామటుకు పందొమ్మిదో శతాబ్దపు రిపేరు. మాది డాక్యుమెంటేషన్ లేని లెగసీ కోడ్, ఎవడూ ముట్టుకోలేదు కాబట్టి ఒరిజినల్ అని సమర్థించుకున్నాను. "ఎవడూ ముట్టుకోకపోవడం గొప్ప కాదు" అంది మా ఆవిడ. టెస్టర్లతో ఇదే కష్టం.

ఎమ్మిగనూరు, కోడుమూరు మీదుగా కర్నూలు. కొండారెడ్డి బురుజు దగ్గర అందరూ తీసుకునే ఫోటో మేమూ తీసుకున్నాం. 1751 ఫిబ్రవరిలో రాయచోటి దగ్గర కడప, కర్నూలు నవాబులతో జరిగిన పోట్లాటలో నిజాం ముజఫర్ జంగ్ చచ్చిపోయాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ అక్కడికక్కడే సలాబత్ జంగ్‌ని నిజాముని చేసి, దారిలో వచ్చి కర్నూలు కోట మీద పడి ఊరు దోచాడు. ఆ దోపిడీకీ 1953లో ఆంధ్రరాష్ట్రానికి రాజధాని అవడానికీ మధ్య రెండొందల రెండేళ్ళు. రాజధాని ముచ్చట మూడేళ్ళే.

మర్నాడు పొద్దున్నే నంద్యాల చెక్‌పోస్టు దాటుతుంటే నేను కారు స్లో చేశాను. ఎందుకు చేశానో నాకే తెలీదు. చిన్నప్పుడు నాకు కర్నూలు అంటే ఈ చెక్‌పోస్టే. రాత్రి పూట లారీ ఆగేది. పెద్దవాళ్ళు టీకి దిగేవాళ్ళు. నిద్రలో కళ్ళు తెరిస్తే పైన పసుపురంగు లైట్లు, పక్కన చెల్లెలి కాళ్ళు, మూటలు. అమ్మ ఒక బన్ను రెండు ముక్కలు చేసి మా ఇద్దరికీ ఇచ్చేది. బురుజు ఎక్కడుందో, నది ఎక్కడుందో ఎవరు చూపిస్తారు?

"ఏంటి ఆగావ్?" అంది. "టీ తాగుదామా?" అన్నాను. "ఇప్పుడేగా తాగాం?" నిజమే. గేరు మార్చాను.

బనగానపల్లె గురించి పెద్దగా రాయను. మామిడిపళ్ళ కాలం కాదు. 1948 దాకా అది ఒక సంస్థానం, నవాబుగారి బంగళా 'అరుంధతి' సినిమాలో అందరూ చూసిందే. మా ఆవిడ దాని ముందు నిలబడి "వదల బొమ్మాళీ" అని అరిచి అక్కడున్న పిల్లల్ని హడలగొట్టింది. అక్కడినుంచి బెలుం గుహలు. 3,229 మీటర్ల పొడవు, 1884లో బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త నమోదు చేశాడు, 2002 నుంచి జనాన్ని లోపలికి పంపిస్తున్నారు. లోపల గాలాడక చెమటలు కారిపోయాయి. చూడండి, తప్పకుండా చూడండి, కానీ మంచినీళ్ళు పట్టుకెళ్ళండి.

* * *

గండికోటకి సాయంత్రం చేరాం. పెన్నానది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయే గండి పక్కన కోట. ఫోటోలు మీరందరూ చూసే ఉంటారు, అందుకని వర్ణించను. నేను ఇక్కడికొచ్చింది ఒక మనిషి కోసం.

జాఁ బాతిస్త్ తవెర్నియే. పారిస్ నుంచి వచ్చిన నగల వ్యాపారి. 1652లో ముత్యాలు పట్టుకుని గండికోటకొచ్చాడు. గోల్కొండ సుల్తానుకి ఏది అమ్మాలన్నా ముందు మీర్ జుమ్లా చూడాలి, ఆ మీర్ జుమ్లా అప్పుడు గండికోటలో ఉన్నాడు. రెండేళ్ళ కిందట ఆ ప్రాంతంలోనే పెమ్మసాని నాయకుల దగ్గర్నుంచి కోట గెలుచుకున్నాడు. ఈ మీర్ జుమ్లా కూడా ఇక్కడివాడు కాదు, ఇరాన్ నుంచి వజ్రాల వ్యాపారంలో గుమాస్తాగా వచ్చి మంత్రి అయిపోయాడు. తర్వాత మొగలుల్లో చేరాడు, బెంగాలుకి సుబేదారయ్యాడు, 1663లో అస్సాం యుద్ధం నుంచి తిరిగొస్తూ పోయాడు. ఆయన పని చేసే తీరు తవెర్నియే రాసుకున్నాడు. కాలివేళ్ళ సందుల్లో ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ళ సందుల్లో ఉత్తరాలు. ఒకటి కాలినుంచి తీస్తాడు, ఒకటి చేతినుంచి తీస్తాడు, గుమాస్తాలకి జవాబులు చెప్తుంటాడు. మా మేనేజరు గుర్తొచ్చి నాకు ఒళ్ళు జలదరించింది.

ఇంకో ఫ్రెంచివాడు కూడా ఉన్నాడు ఇక్కడ. క్లోద్ మాయ్, బూర్జ్ అనే ఊరు. మీర్ జుమ్లా అతన్ని ఫిరంగులు పోతపొయ్యమన్నాడు. రాగి కోసం గుళ్ళల్లోంచి విగ్రహాలు తెప్పించాడు. అన్నీ కరిగాయట, గండికోట గుడిలోవి ఆరు విగ్రహాలు మాత్రం ఏం చేసినా కరగలేదట. ఆఖరికి ఒక్క ఫిరంగీ తయారవలేదట. మహిమో, కొలిమి సరిగ్గా కుదరలేదో, పని చేతకాక చెప్పిన సాకో నాకు తెలీదు. డెలివరీ అవలేదు, రూట్ కాజ్ తేలలేదు.

ఇదంతా ధాన్యాగారం ముందు మెట్లమీద కూర్చుని చెప్తున్నాను. లోపల గబ్బిలాల వాసన. ఎదురుగా జామియా మసీదు మీద ఎండ తగ్గుతోంది. మా ఆవిడ చెనిక్కాయలు ఒలుచుకు తింటూ వింటోంది.

"తవెర్నియే మా గుంటూరు కూడా వచ్చాడుగా. కొల్లూరు గనులకి" అంది. నిజమే. కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల గని చూసి రాశాడు. ఇప్పుడది పులిచింతల నీళ్ళకింద ఉంది. "మీ గండికోటకి ముత్యాలమ్ముకోడానికొచ్చాడు, మా గుంటూరుకి వజ్రాలకొచ్చాడు. ఎవరైనా మా వైపు రావల్సిందే!" అని మోచేత్తో పొడిచింది. నిన్న ఆదోనిలో మెలేసిన మీసానికి బదులన్నమాట.

నేను నవ్వాల్సిన చోటు అది. నవ్వలేదు.

"మేం కూడా వచ్చాం" అన్నాను.

"ఎక్కడికి?"

"మీ గుంటూరుకి. మిరపకాయలకి. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి, నాలుగులో ఒకసారి. తర్వాత నాకు హాస్టల్లో సీటొచ్చింది. అమ్మావాళ్ళు ఇంకా ఏడెనిమిదేళ్ళు వచ్చారు."

ఒలిచిన కాయ చేతిలోనే ఉండిపోయింది. "ఏ ఊరు?"

ఊరి పేరు నాకు గుర్తులేదు. ఫిరంగిపురం దాటాక లారీ ఎడమకి తిరగడం గుర్తుంది. ఆ పేరు ఎందుకు గుర్తుందంటే నాయన ఆ బోర్డు చదివించి, "ఫిరంగి అంటే తుపాకులకు అమ్మ" అని చెప్పాడు. (ఫిరంగి అనే మాట ఫ్రాంకుల నుంచి వచ్చింది, ఫ్రాన్సుకి పేరు పెట్టింది కూడా ఆ ఫ్రాంకులే. ఇది ఈమధ్య తెలిసింది.) చేను గట్టున చీర ఊయల కట్టి చెల్లెల్ని ఊపడం నా పని. అది నిద్రపోతే తాలుకాయలు ఏరడం. రాత్రి అమ్మ చేతులు మంటలకి కొబ్బరినూనె రాసుకుని, మమ్మల్ని ముట్టుకోకుండా దూరంగా పడుకునేది. కళ్ళల్లో పడుతుందని.

ఇవన్నీ చెప్పాను. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు.

తను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కోపంగా అంది. "రెండేళ్ళు ప్రేమించుకున్నాం, రెండేళ్ళు కాపరం చేశాం. మీ నాన్న ఏం చేస్తారంటే వ్యవసాయం అన్నావ్."

"అబద్ధం కాదుగా. నాలుగెకరాలుంది."

"అబద్ధం కాదు. నిజమూ కాదు."

జవాబు లేదు నా దగ్గర. ఎందుకు చెప్పలేదంటే, వాళ్ళ నాన్నకి ముప్పై ఎకరాల మిర్చి. మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పెరట్లో కాటా వేలాడుతోంది. దాన్ని చూశాక నాకు గొంతు దాటలేదు. జావాలో తప్పు దొరికితే పదిమందిలో ఒప్పుకుంటాను, ఇది ఒప్పుకోలేకపోయాను. తప్పు కూడా కాదది.

"నేను ఆరో తరగతి నుంచీ మా నాన్నకి కూలి లెక్క రాసేదాన్ని" అంది కాసేపటికి. "సాయంత్రం కాటా దగ్గర కూర్చుని. ఇన్ని కిలోలు, ఇంత డబ్బు. మా ఊరి కూలోళ్ళయితే పేర్లు రాసేదాన్ని. కర్నూలు ముఠాకి పేర్లు రాసేదాన్ని కాదు. క.ము. ఒకటి, క.ము. రెండు, అలా. లెక్క తేలిగ్గా ఉంటుందని నేనే కనిపెట్టా ఆ పద్ధతి. నాన్న మెచ్చుకున్నాడు కూడా."

చీకటి పడుతోంది. వాచ్‌మన్ వచ్చి లేవమన్నాడు.

"నిన్న అత్తయ్య ముందు... అందుకేనా టీ పెట్టమన్నావ్?"

"ఊఁ."

రాత్రి పెద్దగా మాటల్లేవు. మర్నాడు కడప, ఒంటిమిట్ట, అక్కడినుంచి రాయచోటి మీదుగా బెంగుళూరు అని ప్లాను. ఒంటిమిట్ట కోదండరాముడి గుడి గోపురం చూసి తవెర్నియే మెచ్చుకున్నాడని అంటారు, దాంతో నా ఫ్రెంచి టూరు ముగించాలని. కడపలో బ్రౌను లైబ్రరీ కూడా చూద్దామనుకున్నాం, ఆయన ఇంగ్లీషువాడైనా సరే. జమ్మలమడుగు దాటకముందే తను "కారు తిప్పు" అంది.

"ఎటు?"

"కోసిగి. రేపు నేను లీవు మెయిలు పెడతా, నువ్వూ పెట్టు."

రిలీజు గురించి ఏదో అనబోయి ఊరుకున్నాను. తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని. దారంతా ఎండిన కంది కట్టెలు, గాలిమరలు. ఎక్కడా ఆగలేదు, గుత్తి కోట కింద నుంచి పోతూ కూడా. గుత్తిలో ఎవరేలారో, ఎవరు దోచారో చెప్పబోయాను కానీ తను వినే మూడ్‌లో లేదు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. అమ్మ వాకిట్లోనే "ఏంరా, కడపకి పోతిమంటివి, యాడ్నించి యాడికొస్తిరి?" అంది. నాయన మంచం మీంచి లేచి కారుకి అడ్డంగా ఉన్న కోళ్ళగంప జరిపాడు.

మా ఆవిడ కాళ్ళు కడుక్కుని నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. అమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతోంది. తను పక్కన పీట వేసుకుని కూర్చుంది. నేను గుమ్మం బయట చెప్పులు విప్పుతున్నట్టు నిలబడ్డాను.

"అత్తయ్యా, మీరు మా వైపు వచ్చేవాళ్ళటగా. ఏ ఊళ్ళో ఉండేవాళ్ళు?"

రొట్టె చప్పుడు ఆగింది. అమ్మ గుమ్మం వైపు చూసింది. నేను ఈసారి టీ అడగలేదు.

"శానా ఊర్లు పాపా. ఒక ఏడు ఒక ఊరు" అంది అమ్మ. రొట్టె మళ్ళీ తట్టడం మొదలుపెట్టింది. తర్వాత ఒక్కో పేరు చెప్పసాగింది. మజ్జిగ పోసే ఆసామి ఒకాయన, కాటాలో మోసం చేసే ఆసామి ఇంకొకాయన, బోరు నీళ్ళు తియ్యగా ఉండే ఊరు, పాములున్న ఊరు. నాకు గుర్తులేని ఊళ్ళన్నీ ఆమెకి వరసగా ఉన్నాయి, సంవత్సరాలతో సహా. మా ఆవిడ ఫోన్లో మ్యాపు తీసి ఒక్కో ఊరూ వెతుకుతోంది.

ఒక పేరు దగ్గర తను వేలు ఆపి, "ఇది మా ఊరికి నాలుగు కిలోమీటర్లు" అంది.

"అట్లనా? ఆ ఊరి గుడికాడ చింతచెట్టు ఇంగా ఉందా?" అనడిగింది అమ్మ.